మూడో మలుపులో బర్రెకొమ్ముల సైకిలు

ప్రభుత్వం ఒక మనిషికి మేలు చేయాలని గట్టిగా అనుకుంటే ఆ మనిషి తప్పించుకోవడం కష్టం. ఊదుకొండ కింద తూపల్లెలో నీళ్లు వదిలే గంగులప్పకు ఈ సంగతి యాభై తొమ్మిదో ఏట తెలిసింది. అంతవరకూ అతన్ని ఎవరూ పట్టించుకోలేదు. అతను సుఖంగానే ఉన్నాడు.

అతని పని రోజూ ఒకటే. ఆరింటికి తూపల్లె వాల్వు తిప్పాలి. ఏడింటికి కట్టేసి, సైకిలెక్కి, ఏడు కిలోమీటర్ల ఘాటు రోడ్డు పదకొండు మలుపులూ తొక్కి, ఎనిమిదింబావుకల్లా కొండ మీది మేకలబండ చేరి మోటారు వేయాలి. తొమ్మిదింటికి త్రీఫేజు కరెంటు పోతుంది. ఈలోగా ట్యాంకు నిండితే నలభై ఇళ్లకు నీళ్లు, లేకుంటే బర్రెలు దిగే కుంటే గతి. స్టార్టరు పెట్టె తాళంచెవి గంగులప్ప మొలతాడుకే ఉంటుంది. అది ఇంకొకరి చేతికి ఇచ్చిన రోజున ఉద్యోగం ఉండదని పంచాయతీ సెక్రటరీ కాగితం మీద రాసి సంతకం చేయించుకున్నాడు.

ఆ సైకిలు మామూలు సైకిలు కాదు. ముప్పై ఏడేళ్ల కిందట ఊదుకొండ రాళ్లను పరిశీలించడానికి ఒక తెల్లదొర వచ్చాడు. ఊరంతా అతన్ని రాళ్లదొర అనేది. గంగులప్ప అప్పుడు ఇరవై రెండేళ్లవాడు, దొర సుత్తీ సద్దిమూటా మోసేవాడు. దొర ఒక పెట్టెలో ముక్కలుగా తెచ్చుకున్న సైకిలును ట్రావెలర్స్ బంగళా వరండాలో కూర్చుని తానే బిగించుకున్నాడు. లావు గొట్టాలు, లావు టైర్లు, ముందు మూడు పళ్లచక్రాలు, బర్రెకొమ్ముల్లా విచ్చుకున్న హ్యాండిలు. స్టోన్ క్రీక్ అని కంపెనీ పేరు. కంపెనీ అంటే ఒక షెడ్డూ అందులో ఒక మనిషీ అనీ, కొండలెక్కే సైకిళ్లు లోకానికి తెలియని రోజుల్లో అతను నలభై అంటే నలభై చేత్తో అతికి చేశాడనీ దొర చెప్పాడు. పెడళ్ల ఇరుసు కింద పదిహేడు అని అంకె కొట్టి ఉంది. పోతూ పోతూ దొర దాన్ని గంగులప్ప చేతిలో పెట్టాడు. పెళ్లికి వచ్చిన బంధువులకైనా, పంక్చరు వేసేవాడికైనా గంగులప్ప ఈ కథను పెట్టె మేకులు ఊడదీయడం దగ్గర్నుంచి మొదలుపెట్టేవాడు. తొందరపడిన వాళ్లకు అసలు చెప్పేవాడు కాదు.

ఆ మధ్య సైకిళ్ల మీద కొండ చూడ్డానికి వచ్చిన బెంగుళూరు కుర్రవాళ్లలో ఒకడు ఈ బండి చూసి రోడ్డు మీదే పొర్లుదండం పెట్టినంత పని చేశాడు. ఫొటోలు తీసి లోకానికి పంపాడు. నలభైలో మిగిలినవి అయిదే అనీ, అందులో రోజూ కొండెక్కుతున్నది ఇదొక్కటే అనీ లోకం నుంచి జవాబు వచ్చింది. పేపర్లో పడింది. పేపరు జిల్లా కేంద్రంలోని సంచార వారసత్వ సంపద పరిరక్షణ ఉపసంచాలకుల కార్యాలయానికి కూడా వెళ్లింది.

ఈ కార్యాలయం పెట్టి మూడేళ్లయింది. పదకొండు మంది సిబ్బంది, ఒక జీపు, రబ్బరు ముద్రలు అన్నీ అమరాయి. పరిరక్షించడానికి వస్తువు ఒక్కటే దొరకలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఒక రథం మీద కన్నేస్తే దేవాదాయ శాఖ ససేమిరా అంది. రోడ్డు రోలరు మీద కన్నేస్తే అది ఇంకా పని చేస్తున్నదని రోడ్ల శాఖ బుకాయించింది. ఇలాంటి సమయంలో సైకిలు వార్త చదివిన ఉపసంచాలకులు సర్వోత్తమరావుగారికి కళ్లు చెమర్చాయి.

కార్యాలయానికి నియమావళి కూడా ఉంది. మూడేళ్ల కిందట దాన్ని రెండు రోజుల్లో తయారు చేయమని పైనుంచి ఒత్తిడి వస్తే, పురాతన కట్టడాల నియమావళి తీసుకుని 'కట్టడం' అన్నచోటల్లా 'వాహనం' అని మార్చి పంపారు. ఆ తర్వాత దాన్ని చదవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఇప్పుడు వచ్చింది.

శుక్ల దశమినాడు ఉదయం ఏడూ నలభై రెండుకు మంచి ముహూర్తం ఉందని, సరిగ్గా ఆ నిమిషం నుంచి అమలయ్యేలా ప్రకటన వెలువడింది. రెండో నిబంధన ప్రకారం ప్రకటన క్షణంలో వాహనం ఎక్కడుంటే అక్కడే యథాస్థానంలో పరిరక్షించాలి. కట్టడాలు ఎటూ నడిచిపోవు గనక అసలు నియమావళిలో ఇది ఎవరికీ ఇబ్బంది కలిగించిన వాక్యం కాదు.

ఏడూ నలభై రెండుకు గంగులప్ప మూడో మలుపులో ఉన్నాడు. వెనక నుంచి జీపు వచ్చి అడ్డంగా ఆగింది. సర్వోత్తమరావుగారు చేయెత్తి ఆగమన్నారు. గంగులప్ప ఒక కాలు నేల మీద ఆన్చాడు.

"దిగండి" అన్నారు ఉపసంచాలకులు. మళ్లీ ఏదో తోచి, "ఆగండి, దిగవద్దు" అన్నారు.

ప్రకటన క్షణంలో వాహనం మీద మనిషి ఉన్నాడు. మనిషిని దించితే యథాస్థితి చెడుతుందా అన్నది ఆయన ధర్మసందేహం. రాజధానికి ఫోను చేశారు. అక్కడ సంచాలకులు పూజలో ఉన్నారు. గంగులప్ప ఒక కాలు పెడలు మీద, ఒక కాలు రోడ్డు మీద పెట్టుకుని నలభై నిమిషాలు నిలబడ్డాడు. మేకలబండలో కరెంటు ఉందనీ, నీళ్లు వదిలి మళ్లీ వచ్చి ఇదే చోట ఇట్లే నిలబడతాననీ బతిమాలాడు. అది పునఃప్రతిష్ఠ అవుతుందని, దానికి వేరే నిబంధన ఉందని చెప్పారు. చివరికి పై నుంచి నిర్ణయం వచ్చింది. చోదకుడు తొలగించదగిన అనుబంధం మాత్రమే. గంగులప్పను తొలగించారు.

ఆ రోజు అతను మిగిలిన కొండ నడిచి ఎక్కేసరికి పదైంది. కరెంటు పోయింది. బిందెల వరసలో అందరికన్నా ముందు నిలబడిన ఎర్రక్క, డెబ్బై ఏళ్ల ముసలిది, బిందె చంకనెత్తుకుని కుంట వైపు నడిచింది.

వారంలో మూడో మలుపు రూపురేఖలు మారిపోయాయి. సైకిలు చుట్టూ ఇనప కంచె వేశారు, పైన రేకుల కప్పు వేశారు. వాహనం పునాదులు పటిష్ఠపరచాలని ఏడో నిబంధనలో ఉంది గనక చక్రాల కింద జానెడు మందాన సిమెంటు పోశారు. వాహనానికి వంద మీటర్ల లోపు ఏ వాహనమూ ఉండరాదని తొమ్మిదో నిబంధన. సైకిలు తనకు తాను సున్నా మీటర్ల దూరంలో ఉన్నదని ఒక గుమాస్తా పట్టుకున్నాడు. దానికి ప్రత్యేక మినహాయింపు తెప్పించేసరికి నాలుగు రోజులు పట్టింది. మిగతా వాహనాలకు మినహాయింపు లేదు. రోజుకు రెండుసార్లు కొండెక్కే మినీబస్సు రెండో మలుపు దగ్గరే ఆగిపోయేది. రోడ్డు మీద బండ్లు తిరగడం ఆగిపోయినందున ఉపసంచాలకులు పత్రికలవారితో మాట్లాడుతూ, పరిసరాల ప్రశాంతత నెలకొన్నదని హర్షం వెలిబుచ్చారు.

తర్వాత నిపుణుడు వచ్చాడు. నియమావళిలో శాసన పరిశోధకుడు ఉండాలని రాసి ఉండడం వల్ల శాసన పరిశోధకుడే వచ్చాడు. పెద్దాయన, మంచివాడు. ఇరుసు కింద పదిహేడు అంకెను భూతద్దంతో చూసి, పక్కన మరో రెండంకెలు శిథిలమై ఉండవచ్చని, శక సంవత్సరం పదిహేడు వందల ప్రాంతం కావచ్చని అభిప్రాయపడ్డాడు. గంగులప్పను పిలిపించి ఒక్కో భాగం గురించీ విచారించాడు. గంగులప్ప దాచకుండా చెప్పాడు. సీటు మీద గోనెపట్ట తొంభై ఒకటిలో కుట్టించింది. బ్రేకు కట్టలు స్కూటరు టైరు కోసి చేసినవి. పెడళ్లు చింతచేవ. టైర్లలో గాలి ఎప్పటిది అని అడిగాడు నిపుణుడు.

"దశమి రోజు పొద్దున కొట్టినా సార్" అన్నాడు గంగులప్ప.

ఆ గాలి ప్రకటన నాటిది గనక దాన్ని మార్చరాదని రాసుకున్నారు. పదిహేను రోజుల్లో టైర్లు చప్పబడ్డాయి. అది కాలధర్మంగా నమోదైంది. మరునాడే గంగులప్పకు నోటీసు వచ్చింది. తొంభై ఒకటి మొదలు నేటివరకు అనుమతి లేకుండా సంరక్షిత వాహనంలో పద్నాలుగు అక్రమ మార్పులు చేసినందుకు అతనిపై చర్య ఎందుకు తీసుకోరాదో సంజాయిషీ ఇమ్మని దాని సారాంశం. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. గంగులప్ప ఓర్చుకోలేనిది నడక. అతని కుడి మోకాలు తొక్కితే ఏమీ అనదు, నడిస్తే ఊరుకోదు. ఏడింటికి బయల్దేరి ఎంత ఉరికినా తొమ్మిదిలోపు మేకలబండ చేరలేకపోయాడు. మోపెడ్ ఉన్నవాణ్ని పెట్టుకుంటానని సెక్రటరీ బెదిరించాడు. వంద మీటర్ల నిబంధన వల్ల మోపెడ్ కూడా పోదని తెలిసి మానుకున్నాడు. మేకలబండ నెల రోజులుగా కుంట నీళ్లు తాగుతోంది. పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. రోజూ కొండెక్కేటప్పుడు మూడో మలుపులో కంచె అవతల తన బండిని చూస్తూ, ఆ చప్పబడిన టైర్లను చూస్తూ, గంగులప్ప ఒక నిమిషం నిలబడేవాడు. గొడ్డు జబ్బుపడి కొట్టంలో పడి ఉంటే చూసినంత బాధగా ఉండేది.

అర్జీ రాయించుకుని జిల్లా కేంద్రం వెళ్లాడు. కార్యాలయంలో హైమావతి అనే సూపరింటెండెంటు ఉంది. ఆ పదకొండు మందిలో నియమావళి చివరిదాకా చదివింది ఆమె ఒక్కతే. ఆమె అర్జీ చదివి, పక్కన పెట్టి, గొంతు తగ్గించింది.

"పెద్దాయనా, సంరక్షణ నుంచి వస్తువును తీసేసే దారి ఒక్కటే ఉంది. ముప్పై ఒకటో నిబంధన. అది నకిలీదని తేలితే, నకిలీ అని దాని మీదే చెక్కించి సొంతదారుకు ఇచ్చేస్తారు. అది నకిలీ అని నువ్వే ప్రమాణపత్రం రాసిచ్చుకోవాల."

"నకిలీ కాదు గదమ్మా" అన్నాడు గంగులప్ప.

"కాదని నాకూ తెలుసు" అన్నది ఆమె.

ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. భార్య సుబ్బరత్నకు సంగతి చెప్పాడు. ముప్పై ఏడేళ్లు తాను చెప్పిందంతా అబద్ధమని తన చేత్తో రాసియ్యాలట అన్నాడు. దొర లేడని రాయాలట.

"రాసియ్యి. దొరేమన్నా వచ్చి అడగతాడా?" అన్నది సుబ్బరత్న.

"దొర అడగడులేమే. నన్ను నేనే అడగతా."

"ఎర్రక్క మనవరాలిని ఆస్పత్రిలో వేసినారంట" అని ఆమె లేచి గిన్నెలు సర్దుకోవడానికి పోయింది.

మరునాడు గంగులప్ప స్టాంపు కాగితం కొన్నాడు.

విచారణ సంఘంలో ముగ్గురు. మధ్యన సర్వోత్తమరావుగారు, ఒకపక్క శాసన పరిశోధకుడు, మరోపక్క నిబంధనల ప్రకారం ఉండాల్సిన, గుళ్లు కట్టే స్థపతి. మధ్యన కూర్చున్నాయన ముఖం వాడిపోయి ఉంది. వచ్చే నెల మంత్రిగారి చేతుల మీదుగా ఆవిష్కరణ ఉంది. శిలాఫలకం చెక్కించారు. వస్తువు చరిత్రను గంగులప్ప నోటి నుంచే రాసుకుని, పైవారి ఆమోదం పొంది, బోర్డు మీద రంగులతో రాయించారు.

ఆయన ప్రమాణపత్రం చదివారు. రాళ్లదొర అనువాడెవడూ లేడనీ, సైకిలు పాత సామాన్ల అంగట్లో కొన్నదనీ, పదిహేడు అంకె తానే సంతలో కొట్టించాననీ అందులో ఉంది. చదవడం ముగించి ఆయన ఇంకో కాగితం తీశారు.

"అయితే ఈ కార్యాలయానికి విదేశం నుంచి ఒక లేఖ అందియున్నది. సదరు వాహన నిర్మాత యొక్క కుమార్తె వ్రాసినది. తర్జుమా చదువబడును."

హైమావతి చదివింది. తన తండ్రి పోయి ఆరేళ్లయిందని, చేసిన ప్రతి సైకిలూ ఎవరికి పోయిందో ఆయన ఒక పుస్తకంలో రాసుకునేవాడని ఆ అమ్మాయి రాసింది. పదిహేడో దాని ఎదురుగా రాళ్లు చదివే శాస్త్రవేత్త పేరుంది. ఇండియా నుంచి తిరిగొచ్చాక ఆ శాస్త్రవేత్త షెడ్డుకు వచ్చి, బండిని తనకన్నా బాగా తొక్కే మనిషికి ఇచ్చి వచ్చానని చెప్పాడట. ఆ మాట తండ్రికి ఎంతో నచ్చి, పుస్తకంలో అలాగే రాసుకున్నాడట. ఆ మనిషి బతికే ఉంటే, ఇంకా తొక్కుతూ ఉంటే, అతనికి తన నమస్కారాలు చెప్పమని ఉత్తరం చివర ఉంది.

గంగులప్ప బల్ల అంచు పట్టుకున్నాడు. ముప్పై ఏడేళ్లలో అతని కథను సగం మంది నమ్మారు, సగం మంది నవ్వారు. అది నిజమని చెప్పే కాగితం సముద్రాలు దాటి ఈ గదిలోకి, ఈ రోజునే వచ్చింది. దొర తన గురించి ఆ మాట అన్నాడని అతనికి ఇంతవరకూ తెలియదు. ఆ మనిషిని నేనే అని అరవాలనిపించింది.

"స్టాంపు కాగితం ఒకటి, తెల్లకాగితం ఒకటి పరస్పర విరుద్ధముగా ఉన్నవి" అన్నారు సర్వోత్తమరావుగారు, కొంత ఆశగా. "కావున సూటిగా అడుగుచున్నాను. లేఖయందు ప్రస్తావించబడిన వ్యక్తి మీరేనా?"

గంగులప్ప బల్ల అంచు వదిలాడు.

"కాదు సార్. ఆయప్ప ఎవరో నాకు తెలీదు."

రాసుకున్నారు. వేలిముద్ర కూడా వేయించుకున్నారు. హైమావతి ఆ ఉత్తరాన్ని ఫైలులో పెడుతూ ముఖం పక్కకు తిప్పుకుంది.

సైకిలు నకిలీ అని తేలింది. అయితే ప్రకటన నకిలీ కాదు. ప్రకటన అసలు సైకిలును గురించినది, అది రద్దు కాలేదు. మంత్రిగారి తేదీ మారదు, శిలాఫలకం మారదు, బోర్డు మీది చరిత్ర ఆమోదం పొందినది గనక అక్షరం మారదు. ఇక మారగలిగింది సైకిలొక్కటే. అసలు వాహనం ప్రస్తుతం అందుబాటులో లేనందున, అది లభ్యమయ్యే వరకు దాని స్థానంలో అసలుకు ప్రతినిధిగా ఒక వాహనాన్ని నిలపాలని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. కిటికీ గ్రిల్స్ చేసే షాపుకు పని అప్పగించారు. అది అసలు మాదిరిగానే ఉన్నదని ఎవరో ఒక నిపుణుడు ధ్రువీకరించాలి. శాసన పరిశోధకుడు తన వల్ల కాదన్నాడు.

"సదరు తరహా నకిలీల తయారీయందు మీకు సుదీర్ఘ అనుభవము కలదని మీ ప్రమాణపత్రమే చెప్పుచున్నది" అన్నారు సర్వోత్తమరావుగారు గంగులప్పతో. "ఈ జిల్లాయందు తమకు మించిన నిపుణులు లేరు."

ధ్రువీకరణ మీద సంతకం పెడితేనే బండి ఇస్తామన్నారు. గ్రిల్స్ షాపు సైకిలు హ్యాండిలు సన్నగా, కిటికీ ఊచల్లా వంకర్లు తిరిగి ఉంది. ముందు పళ్లచక్రం ఒక్కటే. గంగులప్ప దాన్ని ఒకసారి చూసి, ఇది అసలుదే అని రాసి ఉన్న చోట సంతకం పెట్టాడు. అబద్ధం మొదటిది పలికేటప్పుడు ప్రాణం పోయినంత పనయింది. రెండోదానికి పెన్ను బాగా రాయలేదు, అంతే.

చక్రాల కింద సిమెంటు పగలగొట్టి బండిని బయటికి తీశారు. నకిలీ అని చెక్కడానికి స్టీలు సామాన్ల మీద పేర్లు కొట్టే అతన్ని పాత్రల కొట్టు నుంచి పిలిపించారు. అతను మిషను ఆడించి లావు గొట్టం మీద గుండ్రటి అక్షరాలతో 'నకిలీ' అని చెక్కి, అలవాటు కొద్దీ తలెత్తి, కింద ఎవరి జ్ఞాపకార్థమని వేయాలా, తేదీ వేయాలా అని అడిగాడు. తేదీ చాలన్నారు.

మరునాడు పొద్దున ఏడింటికి గంగులప్ప తూపల్లె వాల్వు కట్టేసి సైకిలెక్కాడు. కొత్త గాలి కొట్టిన టైర్లు రోడ్డును పట్టుకున్నాయి. మోకాలు ఏమీ అనలేదు. మంత్రిగారి కారు కోసం తొమ్మిదో నిబంధనను సడలించి కంచెను పక్కకు జరిపారు గనక దారి కూడా ఉంది. ఎనిమిదీ పదికి మోటారు వేశాడు. ఎర్రక్క మొదటి బిందె పట్టుకుని, దానిలోంచి దోసెడు తాగి, "తియ్యగుండాయి నాయనా" అన్నది. ఆ రోజు గంగులప్పకు ఇంకేమీ అక్కర్లేకపోయింది.

ఆవిష్కరణ జరిగాక మూడో మలుపుకు జనం రావడం మొదలైంది. కాపలాకు యూనిఫారం వేసిన ఒకతన్ని పెట్టారు. బోర్డు మీది కథను అతను వచ్చినవాళ్లకు రెండు నిమిషాల్లో చెప్పేవాడు. ఒక ఆదివారం పొద్దున గంగులప్ప ఆ మలుపు తిరిగేసరికి రోడ్డు నిండా జనం ఉండి దిగాల్సి వచ్చింది. రాళ్లదొర సైకిలును ఒక పల్లెటూరి కుర్రవాడికి ఇవ్వడం దగ్గరికి వచ్చింది కథ. ఆ కుర్రవాడు ఇప్పుడేమయ్యాడు అని ఎవరో అడిగారు. ఆ వివరం బోర్డు మీద లేదన్నాడు కాపలావాడు. ఫొటోలు తీసుకుంటున్న ఒక పెద్దమనిషి వెనక్కి తిరిగి గంగులప్ప బండిని, దాని మీది అక్షరాలను చూసి ముచ్చటపడ్డాడు.

"నకిలీదైనా బాగా చేయించినావే. కష్టపడినట్టుండావు."

కాపలావాడు కూడా వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. కంచెలో ఉన్నదాన్ని ఒకసారి, దీన్ని ఒకసారి చూసి పెదవి విరిచాడు.

"అంతా బాగుందిగానీ పెద్దాయనా, కొమ్ములు కుదరల్యా. అసలుదానికి ఇంత లావుండవు. తీరిక చేసుకుని సరిచేయించుకో."

గంగులప్ప చేతులు ఆ కొమ్ముల మీదే ఉన్నాయి. ముప్పై ఏడేళ్ల చెమటకు అక్కడి ఇనుము నున్నబడి ఉంది. టైము చూసుకున్నాడు. ఎనిమిదికి పావు తక్కువ. పైన బిందెలు వరసలో ఉంటాయి.

"చేయిస్తాలేప్పా" అని, జనాన్ని కాస్త తప్పుకోమని చెప్పి, సైకిలెక్కి నాలుగో మలుపు వైపు తొక్కాడు.